రికార్డు ప్లేయరు, స్పీకర్లు మార్చుకునే ముందు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు హనుమకొండలో. హాల్లో ఒక టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు), ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, నాన్న కొన్న ఎల్పీలు ఒక అల్మారా నిండా. నాన్న పోయాక చాలా ఏళ్లు ఆ అల్మారా తీయలేదు. తీశాక ఆ పాటలు నేను చిన్నప్పుడు విన్నట్టు వినబడేదాకా మనసు ఊరుకోలేదు. ఒక్కో వస్తువు మార్చుకుంటూ, కొన్నిసార్లు డబ్బు పోగొట్టుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు కరీంనగర్, మంచిర్యాల, జగిత్యాల దాకా తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేస్తున్నారు, అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అన్నా, చేతిలో కొంచెం డబ్బుంది. ముందు టర్న్‌టేబుల్ మార్చాలా, స్పీకర్లు మార్చాలా?

రెండూ ఇప్పుడే వద్దు. ముందు ముల్లు, అంటే రికార్డు గాడిలో నడిచే సూది, మార్చండి, ప్లేయరును సమంగా కూర్చోబెట్టండి, స్పీకర్లను గోడ నుంచి ముందుకు జరపండి. ఒక వారం వినండి. అప్పటికీ వెలితిగా అనిపిస్తే స్పీకర్లు మార్చండి. టర్న్‌టేబుల్‌ను చివరికి ఉంచండి. మంచి యంత్రం మీద అరిగిన ముల్లు పెట్టి, పనికిరాని స్పీకర్లలో వింటే మీరు పెట్టిన డబ్బు మీ చెవికి చేరదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ వరుస తిరగేయాలి. మీ దగ్గర ఉన్నది సూట్‌కేసులా మూసే చిన్న ప్లేయరైతే, అందులోనే స్పీకర్లుండి, ముల్లును మోసే చేతికి (టోన్‌ఆర్మ్‌కు) వెనకాల బరువు సర్దుకునే ఏర్పాటు లేకపోతే, ముందు దాన్నే మార్చండి. కార్ట్రిడ్జ్ అంటే చేతి కొసన ముల్లును పట్టుకుని, దాని కదలికను కరెంటుగా మార్చే చిన్న డబ్బా. వాటిలో చాలావరకు సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, అది రికార్డు మీద 5 గ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ బరువు వేస్తుంది. మామూలు మంచి కార్ట్రిడ్జ్ వేసేది 2 గ్రాముల దగ్గరే. మళ్లీ దొరకని రికార్డులు దాని కింద అరిగిపోతుంటే చూస్తూ ఉండలేం.

నా ప్లేయరు సరైన వేగంతో తిరుగుతోందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి, అంటే 3 నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు. లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క అతికించండి, ఫోన్లో 3 నిమిషాలు టైమర్ పెట్టండి, ముక్క మీ ముందుకొచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టండి. 100 వస్తే నిశ్చింత. 99 లేదా 101 వచ్చినా పెద్దగా తేడా తెలియదు. 97 వచ్చిందంటే బెల్టు సాగిపోయిందనో, ఇరుసులో నూనె ఎండిపోయిందనో అనుకోవచ్చు. లెక్క పెట్టేటప్పుడు ముల్లు రికార్డు మీదే ఉండాలి, ఎందుకంటే ముల్లు రాపిడికి కూడా కొన్ని పాత మోటార్లు నెమ్మదిస్తాయి.

తర్వాత చేయిని చూడండి. కార్ట్రిడ్జ్ ఉన్న కొసను రెండు వేళ్లతో నెమ్మదిగా పట్టుకుని అటూ ఇటూ కదిపితే చేయి మొదలు దగ్గర లొడలొడ కొట్టకూడదు. లొడలొడ కొట్టే చేతికి ఎంత ఖరీదైన కార్ట్రిడ్జ్ పెట్టినా లాభం లేదు, ఆ ప్లేయరును మార్చాల్సిందే.

ముల్లు ఎన్నాళ్లకు మార్చాలి?

కొసను చెక్కిన తీరు బట్టి ఉంటుంది. ఆడియో టెక్నికా వాళ్లు చెప్పే లెక్క ప్రకారం గుండ్రటి కొస 500 గంటలు, ఎలిప్టికల్ (అండాకారపు) కొస 300 గంటలు, మైక్రోలినియర్ (బాగా సన్నగా చెక్కిన) కొస 1000 గంటలు. 300 గంటలంటే ఎక్కువనిపిస్తుంది కానీ రోజుకు 40 నిమిషాల ఎల్పీ ఒకటి వింటే 450 రోజుల్లో అయిపోతుంది. సెకండ్‌హ్యాండులో కొన్న ప్లేయరైతే లెక్కలేమీ వద్దు, ముల్లు మార్చాకే మీ రికార్డు పెట్టండి. అమ్మినవాళ్లు కొత్తదే అని చెప్పినా సరే.

అరిగిన సంగతి చెవికి ఎట్లా తెలుస్తుందంటే, పాటలో స, శ అక్షరాలు వచ్చినప్పుడు ఉమ్మినట్టు చీలిపోయి వినబడతాయి. రికార్డు లోపలి వైపు, లేబుల్‌కు దగ్గరున్న పాటలో ఇంకా ఎక్కువ. అయితే రికార్డే అరిగిపోయినా ఇట్లాగే వినబడుతుంది కాబట్టి, తక్కువగా వాడిన ఒక రికార్డును పరీక్షకని విడిగా ఉంచుకోండి.

ముల్లు మార్చడమే ఒక అప్‌గ్రేడ్ అని చాలామందికి తెలియదు. ఆడియో టెక్నికా వీఎం95 వరుసలో కార్ట్రిడ్జ్ ఒంటికి ఆ వరుసలోని ఏ ముల్లయినా పడుతుంది. ఆర్టోఫాన్ 2ఎం రెడ్ ఉన్నవాళ్లు 2ఎం బ్లూ ముల్లు తెచ్చి లాగి పెట్టుకుంటే చాలు, స్క్రూ కూడా విప్పక్కర్లేదు. పాత ముల్లు మీద అలవాటైన చెవికి ఆ రోజు పాటలో వెనక వాయించే తబలా విడిగా వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

కార్ట్రిడ్జ్ నేనే బిగించుకోవచ్చా? మా ఊళ్లో చేసేవాళ్లు లేరు.

మీరే బిగించుకోవచ్చు. నిదానం కావాలి అంతే. ఆదివారం పొద్దున, వెలుతురున్న కిటికీ దగ్గర, ఫ్యాన్ ఆపేసి, కింద తెల్లటి బట్ట పరిచి కూర్చోండి, స్క్రూ పడినా కనబడుతుంది. ఆంప్లిఫయరు ఆపేసి ఉండాలి. ముల్లు తీయగలిగే రకమైతే ముందు తీసి డబ్బాలో పెట్టండి.

వెనకాల నాలుగు సన్నని వైర్లుంటాయి. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. ప్రతి వైరు కొసన వెంట్రుకలాంటి తీగను పట్టుకుని చిన్న లోహపు తొడుగు ఉంటుంది. ట్వీజర్‌తో ఆ తొడుగునే పట్టుకుని లాగాలి, తీగను పట్టుకుని లాగకూడదు. నేను మొదటిసారి తీగను పట్టుకుని లాగాను, ఆకుపచ్చది పుటుక్కున తెగింది. అంత సన్నని తీగకు టాంకా పెట్టే మనిషి కోసం కోఠీ దాకా పోవాల్సి వచ్చింది, అది దొరికేసరికి రెండు వారాలు పాట లేదు.

బిగించాక మూడు పనులు. మొదటిది బరువు. చేతి వెనకున్న బరువు తిప్పుతూ చేయి గాల్లో సమంగా తేలేలా చేసి, అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చి, ఆ తర్వాత కంపెనీ చెప్పినంత ఎక్కించాలి. 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు, వీఎం95ఈకి 2 గ్రాములు. ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే వస్తుంది, కొనుక్కోండి, చక్రం మీద అంకెలు ఎప్పుడూ కొంచెం అటూ ఇటూ ఉంటాయి. బరువు తగ్గిస్తే రికార్డుకు మంచిదని కొందరు 1 గ్రాముకు దింపుతారు. అది పొరపాటు. బరువు చాలని ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడలను ఎక్కువ గీకుతుంది.

రెండోది యాంటీ స్కేట్, అంటే చేయి లోపలి వైపుకు లాగకుండా ఆపే సర్దుబాటు. మామూలుగా బరువెంత పెడితే అదీ అంతే పెట్టి మొదలుపెట్టండి.

మూడోది కోణం. ప్రొట్రాక్టర్ అనే కాగితం ముద్రించుకుని రికార్డు తిరిగే ప్లేటు మీద పెట్టాలి. దాని మీద గీతలూ, వాటి మధ్య రెండు చుక్కలూ ఉంటాయి, ఎక్కువమంది వాడే కొలతలో ఈ చుక్కలు ఇరుసు మధ్య నుంచి 66 మి.మీ., 121 మి.మీ. దూరంలో ఉంటాయి. ముల్లు ఒక్కో చుక్క మీద నిలిచినప్పుడు కార్ట్రిడ్జ్ పక్కలు ఆ గీతలకు సమాంతరంగా ఉండాలి. ఒక చుక్క దగ్గర సరిపోయి ఇంకో చుక్క దగ్గర తప్పితే స్క్రూ కొద్దిగా వదులు చేసి, ముందుకో వెనక్కో జరిపి మళ్లీ చూడాలి. నాకు మొదటిసారి రెండు గంటలు పట్టింది. కాగితం ముద్రించేటప్పుడు ప్రింటర్ సైజు మార్చకుండా చూసుకోండి, మీద ఇచ్చిన గీతను స్కేలుతో కొలిచాకే వాడండి.

పాట మధ్యలో గుయ్యిమని ఒకటే శబ్దం. ప్లేయరు చెడిపోయిందా?

చాలావరకు చెడిపోలేదు. ప్లేయరు వెనక రెండు ఆడియో వైర్లతో పాటు సన్నగా ఇంకో వైరు వస్తుంది, కొసన యూ ఆకారపు రేకు ఉంటుంది. దాన్ని ఆంప్లిఫయరు వెనక ఎర్త్ గుర్తున్న స్క్రూకు బిగించాలి. సగం ఫోన్లు దీనితోనే అయిపోతాయి.

అప్పటికీ పోకపోతే ఇంటి ఎర్తింగ్ చూడండి. మన వైపు చాలా పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది కానీ మూడో పిన్ను ఎక్కడికీ కలిపి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి, ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోయించండి. ఇది పాట కోసమే కాదు, ఫ్రిజ్ ముట్టుకునే మీ పిల్లల కోసం కూడా. ఆ తర్వాత కూడా గుయ్యిమంటే కార్ట్రిడ్జ్‌ను ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం జరపండి. ఒకదాని మీద ఒకటి పెట్టినవాళ్లకు ఈ సమస్య వస్తుంది.

ఫోనో అంటే ఏంటి? ఆక్స్‌లో పెడితే పాట దోమ పాడినట్టు వస్తోంది.

మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్, అంటే ఇళ్లలో ఎక్కువగా ఉండే రకం, ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మీ మొబైల్ ఫోన్ గానీ, సీడీ ప్లేయరు గానీ ఇచ్చేదానిలో వందో వంతు కూడా ఉండదు. అందుకే ఆక్స్‌లో, అంటే ఆంప్లిఫయరు మామూలు ఇన్‌పుట్‌లో, చాలా చిన్నగా వస్తుంది. సన్నగా రావడానికి కారణం ఇంకొకటి. గాడిలో బేస్ మొత్తం చెక్కితే గాడి వెడల్పై పక్క గాడిని తగులుతుంది, రికార్డు మీద పది నిమిషాలు కూడా పట్టదు. అందుకని చెక్కేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేసి, బేస్ పెంచి ట్రెబుల్ తగ్గించే సర్క్యూటు ఉండాలి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది కంపెనీలన్నీ ఒకేలా పాటించేలా 1954లో ఆర్ఐఏఏ ప్రమాణం వచ్చింది. ఈ సర్క్యూటునే ఫోనో ప్రీఆంప్ అంటారు, అది చేసే పని ఈ రెండూ: శబ్దం పెంచడం, తిరగేయడం.

కొన్ని ప్లేయర్లలో అది లోపలే ఉంటుంది, ఆడియో టెక్నికా ఎల్పీ60ఎక్స్, ఎల్పీ120ఎక్స్ అట్లాంటివే. వెనకో కిందో ఉన్న స్విచ్ లైన్ మీద ఉంటే ఆక్స్‌లో పెట్టండి, ఫోనో మీద ఉంటే ఫోనోలో పెట్టండి. రెండు చోట్లా ప్రీఆంప్ పని చేస్తే పాట పగిలిపోయి, మోత మోగిపోతుంది.

అమెరికా నుంచి మా బామ్మర్ది టర్న్‌టేబుల్ పంపాడు. 110 వోల్టుల కన్వర్టర్ పెట్టి వాడొచ్చా?

ఇది చాలా జాగ్రత్తగా చదవండి, ఇందులో నా డబ్బే పోయింది. నేనూ అట్లాంటి పాత బెల్టు ప్లేయరు కొన్నాను, అమ్మినతను స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలన్నాడు. పెట్టాను. తిరిగింది. పాట మొదలైంది, కానీ అది నాకు తెలిసిన గొంతు కాదు. ఏడుస్తున్నట్టు, మత్తులో ఉన్నట్టు ఉంది. హార్మోనియం పట్టి చూస్తే ఒకటి శ్రుతిలో ఉండాల్సిన పాట కింది ఆరుకు దిగింది.

కారణం చెప్తాను. అక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు మారుతుంది, మనది 50 సార్లు. పాత ప్లేయర్ల సింక్రనస్ మోటారు వేగం ఈ సంఖ్య మీదే ఆధారపడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది కానీ ఈ 50ని 60 చేయలేదు. కాబట్టి 33⅓ తిరగాల్సింది 27.8 దగ్గరే ఉండిపోతుంది. పరిష్కారం 50 హెర్ట్జ్‌కు చేసిన పెద్ద కప్పీ దొరకడమే. మోటారు ఇరుసు మీద బెల్టు పట్టే చిన్న ఇత్తడి కప్పీ అది. కొన్ని మోడళ్లకు దొరుకుతుంది, కొన్నింటికి దొరకదు.

మీ బామ్మర్ది పంపింది కొత్తదై, అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారుదైతే భయం లేదు. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే మన ప్లగ్గుకు తగ్గ పిన్ను పెట్టుకుంటే చాలు. జపాన్ నుంచి వచ్చిన పాతవి 100 వోల్టులవి. వాటిలో డైరెక్ట్ డ్రైవ్‌వి (బెల్టు లేకుండా మోటారే నేరుగా ప్లేటును తిప్పేవి) చాలావరకు కరెంటు సంఖ్యతో పని లేకుండా సొంత సర్క్యూటుతో వేగం పట్టుకుంటాయి, వాటికి వోల్టేజీ మార్చుకుంటే సరిపోతుంది.

బెల్టా, డైరెక్ట్ డ్రైవా?

రెండింటిలోనూ మంచివున్నాయి. టెక్నిక్స్ ఎస్ఎల్1200 డైరెక్ట్ డ్రైవ్, 1972లో వచ్చింది, 2010లో ఆపేస్తే అడిగి అడిగి 2016లో మళ్లీ తెచ్చుకున్నారు. రెగా, ప్రోజెక్ట్ వాళ్లవి ఎక్కువగా బెల్టువి, మోటారు వణుకు ప్లేటుకు తక్కువ చేరుతుంది. మన ఊళ్లలో బెల్టు రకం కొంటే కొనేటప్పుడే ఒక బెల్టు అదనంగా తీసుకుని, గాలి తగలని కవర్‌లో, చల్లటి చోట దాచుకోండి.

మా హాలు 12 అడుగులు, 14 అడుగులు. పెద్ద నిలువు స్పీకర్లు కొననా?

వద్దు. 5 నుంచి 6½ అంగుళాల వూఫరు (బేస్ ఇచ్చే పెద్ద కోన్) ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఆ గదికి సరిపోతాయి. పెద్దవి పెడితే బేస్ గదిలో గూడుకట్టి పాటను మింగేస్తుంది, మృదంగం ఎడమచేతి వైపు దెబ్బ ఒక్కటే మోగుతుంటుంది.

వాట్ల గురించి అందరూ ఆత్రంగా అడుగుతారు. స్పీకర్ కాగితం మీద సెన్సిటివిటీ అని ఉంటుంది, ఉదాహరణకు 86 డెసిబెల్. అంటే 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం. 3 డెసిబెల్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 2 వాట్లకు 89, 4కు 92, 8కి 95, 16కు 98. మన గదుల్లో కూర్చుని వినేవాళ్లకు ఎక్కువసేపు వాడేది రెండు మూడు వాట్లే. 8 ఓమ్‌లకు 40 వాట్లిచ్చే నిజాయితీ గల ఆంప్లిఫయరు బాగా సరిపోతుంది. డబ్బా మీద వేలల్లో రాసిన పీఎంపీవో అంకెలు చూసి కొనకండి, ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఎంతో అడగండి.

కొనేముందు వినండి. ఇది బతిమాలి చెప్తున్నాను. మీకు బాగా తెలిసిన రికార్డు ఒకటి చంకన పెట్టుకుని హైదరాబాద్ పొండి, కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి రెండు దుకాణాలు వినొచ్చు. వార్ఫ్‌డేల్, క్యూ అకౌస్టిక్స్, పోల్క్, మన కోల్‌కతా సోనోడైన్, ఏదైనా సరే, దుకాణదారు పెట్టే డెమో పాట వద్దని మీ రికార్డే పెట్టమనండి. గొంతు మీద దృష్టి పెట్టండి. మీకు తెలిసిన గాయని గొంతు మీ ముందు కూర్చున్న మనిషి గొంతులా అనిపిస్తే ఆ స్పీకర్ మీది. బేస్ మొదటి అయిదు నిమిషాలు మురిపిస్తుంది, గొంతుతో మాత్రం పదేళ్లు బతకాలి.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?

నా లెక్కలో ఈ పేజీ మొత్తంలో అన్నిటికన్నా విలువైన జవాబు ఇదే, దీనికి అయ్యే ఖర్చు కూడా అన్నిటికన్నా తక్కువ.

టీవీ పక్కన అల్మారాలో, గోడకు ఆనించి, ఒకటి కిటికీ మీద ఒకటి ఫ్రిజ్ మీద పెట్టిన స్పీకర్లు చాలా ఇళ్లలో చూశాను. కిందికి దింపండి. రెండు స్పీకర్లూ, మీరు కూర్చునే కుర్చీ, ఈ మూడింటి మధ్య దూరం సమానంగా ఉండాలి, 6 నుంచి 7 అడుగులు చాలు. వెనక గోడకు కనీసం ఒకటిన్నర అడుగు ఎడం. పైనున్న చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తుకు రావాలి. స్టాండ్లు కొనలేకపోతే వెల్డింగ్ దుకాణంలో చతురస్రపు గొట్టంతో చేయించి లోపల ఇసుక నింపండి, నావి అట్లాంటివే. స్పీకర్లను కొంచెం మీ వైపు తిప్పి, ముందు గొంతు మధ్యలో నిలబడేదాకా సర్దండి. గొంతు గాల్లో చెదిరిపోయి బేస్ కూడా లేకుంటే ఒక స్పీకర్ వైర్లు ప్లస్ మైనస్ తారుమారై ఉంటాయి, చూసుకోండి.

ఇక గది. మన ఇళ్లు పైన స్లాబు, కింద మార్బులో గ్రానైటో, నాలుగు గోడలూ నున్నటి పుట్టీ. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి, టింగ్ అని తోక వినబడుతుంది. ప్రతి పాటకూ ఆ తోక ఉంటుంది. అది తగ్గాలంటే బట్ట కావాలి, మనకు బట్ట కోసం వెతుక్కోవాల్సిన పనే లేదు. వరంగల్ జంపఖానాలు మందపాటి నూలువి, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. కొత్తవాడలో నేసేవాళ్ల దగ్గరే ఒకటి తెచ్చుకున్నాను, 6 అడుగులకు 9 అడుగులు. నేల మీద పాత బొంత, దాని పైన ఈ జంపఖానా వేసి, స్పీకర్లకూ కుర్చీకీ మధ్య పరిచాను. ఆ రాత్రి అదే రికార్డు పెడితే వయొలిన్ గీసుకుపోవడం తగ్గింది, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏం మార్చావు అని అడిగింది. వెనక గోడకు ఇంకొక జంపఖానా వేలాడదీశాను, కిటికీకి మందం పరదా వేశాను. పుస్తకాలు నిండిన అల్మారా ఉంటే అది స్పీకర్లకు ఎదురుగా, మీ వెనకాల ఉంచండి. నూలు బట్ట ట్రెబుల్ తోకను ఆపుతుంది కానీ బేస్‌ను ఆపదు, బేస్ గుమ్మంటే స్పీకర్‌ను మూల నుంచి ఇంకా దూరం జరపాలి.

టర్న్‌టేబుల్ కింద గ్రానైట్ బండ పెడితే మంచిదా?

మంచిదే, అది కూడా మన పక్క జిల్లాదే. కరీంనగర్ గ్రానైట్ కోసే చోట మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు. 18 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 మి.మీ. మందం ముక్క దాదాపు 8 కిలోలుంటుంది. ఒక్క గ్రానైటే పెడితే గంటలా మోగుతుంది కాబట్టి దాని కింద నాలుగు మూలలా మెత్తటి రబ్బరు ముక్కలు పెట్టండి. పైన స్పిరిట్ లెవల్ పెట్టి రెండు వైపులా సమం చేయండి.

పాత ఇళ్లలో గోడలోకి కట్టిన బండ అరలు ఉంటే ఇంకా మేలు, నడిచినా కదలదు. ఆ గోడకే స్పీకర్ ఆనించకండి. స్పీకర్ వణుకు ముల్లుకు చేరి, ముల్లు నుంచి మళ్లీ స్పీకర్‌కు చేరి, వాల్యూమ్ పెంచగానే ఊళ పెడుతుంది.

ఇన్వర్టర్ మీద నడపొచ్చా?

ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరైతే నడపండి. స్క్వేర్ వేవ్ దాని మీద వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది, మోటారు గరగరలాడుతుంది. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం మొదలై ఉరుములు వినబడగానే ప్లగ్గులు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు.

ఖరీదైన స్పీకర్ వైర్లు అవసరమా?

అవసరం లేదు. కరెంటు సామాన్ల దుకాణంలో దొరికే మెత్తటి రాగి వైరు, 1.5 లేదా 2.5 చదరపు మి.మీ., బాగా సరిపోతుంది. రెండు వైపులా ఒకే పొడవు కోయండి, ఎలుకలు తిరిగే చోట పైపులో వేయండి.

నాన్నగారి పాత స్పీకర్లున్నాయి, అంచు పొడిపొడిగా రాలుతోంది. పారేయాలా?

పారేయకండి. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు పదీ ఇరవై ఏళ్లకు మన వేడికి, తేమకు అట్లా రాలిపోతుంది. కాయిల్ బాగుంటే కొత్త అంచు అతికిస్తే సరిపోతుంది. వేళ్లు విప్పి కోన్‌ను రెండు పక్కలా సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గీరుకునే శబ్దం రాకపోతే కాయిల్ బాగున్నట్టే. రబ్బరు అంచు దొరికితే అదే వేయించండి, ఎక్కువ కాలం ఉంటుంది.

రికార్డులు కడగొచ్చా? దుమ్ము వదలడం లేదు.

ఎల్పీలు, ఈపీలు కడగొచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క లిక్విడ్ సోపు వేసి, మెత్తటి బట్టతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, మళ్లీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరబెట్టండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్ల సీసాయే, సీలు తీయనిది కొనండి. బోరు నీళ్లు వాడితే ఆరాక సున్నం గాడిలో ఉండిపోయి టిక్‌టిక్ మంటుంది. లేబుల్ తడవకూడదు.

మేలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు. రికార్డులను నిలబెట్టి, గట్టిగా కాకుండా, పడిపోకుండా ఉంచండి. అద్దాలు మూసిన కార్లో గంట వదిలినా వంకర పోతాయి.

మా తాతగారి 78 ప్లేట్లున్నాయి. కొత్త ప్లేయరులో పెట్టొచ్చా?

రెండు చూసుకోవాలి. ప్లేయరుకు 78 వేగం ఉండాలి, ఎల్పీ120ఎక్స్‌లో ఉంది, చాలా బెల్టు ప్లేయర్లలో లేదు. రెండోది ముల్లు. 78 గాడి ఎల్పీ గాడికన్నా ఎంతో వెడల్పు, ఎల్పీ ముల్లు దాని అడుగున దుమ్ములో దొర్లుతుంది. 78 కోసం చేసిన లావు ముల్లు వేరేగా కొనాలి, వీఎం95 వరుసలో అదీ వస్తుంది. ఈ ప్లేట్లు లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి, కాబట్టి శానిటైజర్ బట్టతో తుడవాలనే ఆలోచన కూడా వద్దు. పడితే పగులుతాయి. రెండు చేతులతో అంచులు పట్టుకోండి.

ఇంకో మాట. 78లన్నీ, పాత తెలుగు సినిమా పాటల రికార్డుల్లో చాలా భాగం మోనో. మీ ఆంప్లిఫయరుకు మోనో బటన్ ఉంటే నొక్కండి. మోనో పాట గాడిలో అడ్డంగానే చెక్కి ఉంటుంది, దుమ్ము, గీతల వల్ల వచ్చే చప్పుడులో నిలువుగా వచ్చే భాగం ఆ బటన్‌తో రెండు వైపులా ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుంది. కొత్త ఆంప్లిఫయరు కొనేటప్పుడు ఆ బటన్ ఉందో లేదో అడిగి కొనండి. మా అల్మారాలో నాన్న ఎక్కువసార్లు విన్న రికార్డు మొదటి పక్క మొత్తం గీతలే, ఆ బటన్ నొక్కాకే అందులో పల్లవికి ముందు ఒక వేణువు ఉందని నాకు తెలిసింది.